దక్షిణ గుమ్మానికి ఎండ

సిడ్నీకి వచ్చిన కొత్తలో "లోకల్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అని అడగని మనిషి నాకు ఒక్కరూ తగల్లేదు. భీమవరంలో ఏళ్ళ తరబడి హైస్కూలు పిల్లలకి జాగ్రఫీ చెప్పినదాన్ని. కర్కాటక రేఖ, మకర రేఖ, ఋతువులు, పవనాలు, నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేదాన్ని. ఇక్కడ స్కూళ్ళలో అడిగితే కుదరదన్నారు. చైల్డ్‌కేర్‌లో కుదరదన్నారు. చివరికి సూపర్‌మార్కెట్‌లో డబ్బాలు సర్దే పనికి వెళ్తే ఆ మేనేజరు కూడా ఆ మాటే అన్నాడు. బఠానీ డబ్బా పక్కన చిక్కుడుగింజల డబ్బా పెట్టడానికి ఏ దేశపు అనుభవం కావాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా ఆయన సుబ్బరాజుని మాత్రం ఎవరూ ఆ మాట అడగలేదు. ఆయనది వైటూకే బాపతు. రెండువేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని ప్రపంచమంతా హడలిపోతుంటే, ఈయనా ఈయన స్నేహితులూ పాత ప్రోగ్రాముల్లో రెండంకెల్ని నాలుగంకెలు చేస్తూ కూర్చున్నారు. జనవరి ఒకటో తారీఖు రానే వచ్చింది. మా వీధి చివర ట్రాఫిక్ లైటు కూడా ఆగలేదు. పని అంత బాగా చేసినందుకు బహుమానంగా మార్చిలో కాంట్రాక్టు తీసేశారు. అప్పటినుంచి ఆయన సిడ్నీ శివారు గిరావీన్‌లో మా అద్దె ఇంటి దగ్గర ఎండ చూసుకుని కుర్చీ వేసుకుని జావా పుస్తకం చదువుకుంటున్నారు.

కెమెరా కొన్నది ఆయనే. కాంట్రాక్టు రోజుల్లో ముచ్చటపడి తెచ్చారు. ఫ్లాపీ పెట్టే డిజిటల్ కెమెరా, చేతిలో పట్టుకుంటే ఇటుకంత బరువు. మొదటి వారం దాని పుస్తకం మొత్తం చదివి, రెండో వారం పెట్టెలో పెట్టి అటక మీదకి ఎక్కించారు. ఒక మధ్యాహ్నం తోచక నేను దించాను. మా ఊళ్ళో ఫొటో అంటే రీలు. నొక్కేముందు ప్రాణం బిగబట్టాలి, కడిగించి తెస్తే సగం మందికి తలలుండవు. ఇందులో నొక్కగానే వెనకున్న చిన్న తెర మీద బొమ్మ కనిపించింది. బాగా లేకపోతే చెరిపెయ్యచ్చు, పలక మీద చెరిపినట్టే. టీచర్‌ని కదా, తప్పు దిద్దుకోనిచ్చే వస్తువంటే నాకు ఇష్టం. ఆ రోజే దానికి లొంగిపోయాను.

పారమట్టాలో సాయంత్రం పూట డిజిటల్ ఫొటోగ్రఫీ క్లాసులు పెడుతున్నారని తెలిసి చేరాను. చెప్పేది గ్లెనిస్ అనే పెద్దావిడ. నెరిసిన జుట్టు, మగవాళ్ళ బూట్లు, నోటినిండా నవ్వు. మొదటి క్లాసులోనే ఒక మాట చెప్పింది. "కెమెరాకి ఇల్లూ తెలీదు, మనిషీ తెలీదు. దానికి తెలిసింది వెలుగొక్కటే. ఎక్కడికి వెళ్ళినా ముందు వెలుగెక్కడుందో వెతకండి." ఇంట్లో ఉన్న వస్తువుల్నే రకరకాల వెలుగుల్లో తీసుకురమ్మని ఇంటిపని ఇచ్చేది. నేను పెరుగు గిన్నె తీశాను, పోపు డబ్బా తీశాను, జావా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కునికే మా ఆయన్ని తీశాను. ఇడ్లీపాత్ర మీద లేచే ఆవిరికి వెనకనుంచి వెలుగు పడితే తప్ప అది ఫొటోలో కనిపించదని కనిపెట్టిన రోజు, ఇడ్లీలు మాడినా నాకు దిగుల్లేదు. చాలాకాలం తరవాత నాకు ఒక పని చేతనైందన్న సంతోషం కలిగింది.

అక్కణ్ణించి మా వాళ్ళలో ఎవరింట్లో ఏం జరిగినా కెమెరాతో నేనే. ఆబిదా వాళ్ళ పాప షిఫా మొదటి పుట్టినరోజుకీ నేనే. ఆబిదా గుంటూరమ్మాయి. పెండిల్ హిల్ స్టేషన్ దగ్గర ఇళ్ళు అమ్మిపెట్టే ఒక ఆఫీసులో రిసెప్షన్‌లో పని చేసేది. ఆ రోజు అందరూ ఫ్లాష్‌లు కొడుతుంటే ముందున్న పిల్ల పాలిపోయి, వెనకున్న దాదీ, అంటే పిల్ల నాయనమ్మ, చీకట్లో కలిసిపోతోంది. నేను ఫ్లాష్ ఆపేసి ఇద్దర్నీ కిటికీ పక్కన కూర్చోబెట్టి తీశాను. ఆ ఫొటో చూసి ఆబిదా నన్ను పక్కకి లాగింది. తరవాత ఒకటే వాగుడు.

"అక్కా, మా బాస్ వెబ్‌సైట్ ఓపెన్ చేస్తున్నాడు. ప్రతి ఇంటికీ ఫొటోలు కావాలంట, పర్మనెంట్‌గా ఎవర్నైనా పెట్టుకుంటాడంట. నువ్వు ఫ్రైడే ఆర్వో, అదే మధ్యాహ్నం, ఆఫీస్‌కి రా. ఐ ఆల్రెడీ టోల్డ్ హిమ్."

"నన్నెవరు పెట్టుకుంటారే, లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేందే?"

"వచ్చి ఆ మాట వాడితోనే అనిపించుకో. ఇంట్లో కూర్చుని నీకు నువ్వే అనుకోవడం ఎందుకు?"

వెళ్ళాను. ఆమె బాసు ట్రెవర్, వదులు టై కట్టుకున్న పొడుగాటి మనిషి. నా ఫ్లాపీలు కంప్యూటర్లో పెట్టి దాదీనీ మనవరాలినీ చూశాడు, ఇడ్లీ ఆవిరి చూశాడు, మా ఆయన కునుకు చూసి నవ్వాడు. అన్నీ బాగున్నాయి గానీ ఇళ్ళ ఫొటోల్లో లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదు కదా అని అననే అన్నాడు. నేను లేవబోతుంటే ఆబిదా అందుకుని, మిసెస్ పామర్ ఇల్లు ఇచ్చి చూడమంది. ట్రెవర్ గడ్డం గోక్కున్నాడు. సరే, ఆ ఇల్లు వచ్చే శనివారం మళ్ళీ జనానికి చూపిస్తున్నాం, ఆలోపు దానికి మనిషి గేటు దాటి లోపలికి వచ్చేలాంటి ఫొటో తీస్తే ఉద్యోగం నీదే అన్నాడు.

ఆ ఇంటి కథ ఆబిదా బయటికి వచ్చాక చెప్పింది. మిసెస్ పామర్ ఒంటరి ముసలావిడ, ఇల్లు అమ్మి క్వీన్స్‌లాండ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోవాలని చూస్తోంది. ఇల్లు ఎంతకీ కదలడం లేదు.

"సౌత్ ఫేసింగ్ అక్కా. మనవాళ్ళు గేటు దగ్గర కంపాస్ తీసి చూసుకుని అటే పోతన్నారు. తెల్లవాళ్ళేమో పేపర్లో ఫొటో చూసి గుహలాగుంది అంటన్నారు. డార్క్‌గా ఉంటది."

వాస్తు గొడవ నాకెందుకు, నాకు కావలసింది వెలుగు. ఇంటికొచ్చి స్ట్రీట్ డైరెక్టరీ తీసి ఆ వీధి చూసుకున్నాను. ఇంటి గుమ్మం నిక్కచ్చిగా దక్షిణానికే. నాకు నవ్వొచ్చింది. అది జూన్ నెల, ఇక్కడ చలికాలం. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడని నా క్లాసులో ఆఖరి బెంచీవాడికి కూడా తెలుసు. దక్షిణ గుమ్మం ఇల్లు మధ్యాహ్నం వేళ ఎండలో ఓలలాడుతుంది. వీళ్ళెవరో పొద్దున్నే వెళ్ళి తీసి ఉంటారు, అందుకే చీకటి. ట్రెవర్‌కి ఫోన్ చేసి, మధ్యాహ్నం పన్నెండింటికి ముందువైపు తీస్తానని చెప్పాను.

"పన్నెండింటికా? ఆ ముందువైపా?" అన్నాడు.

"అవును, ఆ వేళే సరైనది," అన్నాను, నలభైమంది పిల్లల్ని ఒక్క మాటతో కూర్చోబెట్టే గొంతుతో. ఆ గొంతుకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు, అతనూ చెప్పలేదు.

పన్నెండింటికి వెళ్ళి గేటు ముందు నిలబడేసరికి ఆ ఇల్లు తన నీడలో తనే ముడుచుకుని కూర్చుని ఉంది. సూర్యుడు ఇంటి వెనకనుంచి, కప్పు మీదుగా సూటిగా నా కళ్ళల్లోకి కొడుతున్నాడు. మబ్బేమైనా అడ్డమొచ్చిందా అని చూశాను. ఆకాశం కడిగిన గాజుపలకలా ఉంది. అటు జరిగి, ఇటు జరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఫ్లాపీలు మార్చి మార్చి తీశాను. ఎలా తీసినా తెల్లటి ఆకాశం కింద నల్లటి ఇల్లే వచ్చింది. ఆఫీసులో ట్రెవర్ వాటిని ఒక్కొక్కటే చూసి, "డిజిటల్ కదా, చీకట్లోంచి వెలుగు లాగే కిటుకేదో ఉంటుందనుకున్నాను," అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అలా అనుకున్నాడట. శుక్రవారం పేపరు ఆఫీసు ఫొటోగ్రాఫర్ని పిలిపిస్తానని, అందుకే లోకల్ ఎక్స్‌పీరియన్స్ అడుగుతామని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదకి నాకు మరింత ఒళ్ళు మండింది.

ఇంటికొచ్చి డైరెక్టరీ తప్పు అచ్చువేశారని తిట్టాను. మా ఆయన దిక్సూచి తెచ్చి మా వీధిని డైరెక్టరీతో సరిచూసి చూపించారు, డైరెక్టరీ తప్పు కాదు. సాయంత్రం కూర్చుని ఏడ్చాను. ఉద్యోగం పోయినందుకు కాదు, ఉన్న ఒక్క విద్య కూడా నన్ను నలుగురిలో నిలబెట్టలేదనే ఏడుపు. ఎందుకు తప్పానో తెలిస్తే కొంత నయం, అదీ తెలియలేదు.

తెలిసింది గురువారం. కోపమొస్తే నేను వడియాలు పెడతాను, అది మా అమ్మ నేర్పిన మందు. ముందురోజు మినప్పిండి రుబ్బి, పళ్ళెం నిండా వడియాలు పెట్టి, ఇంటికి దక్షిణం వైపు సందులో బల్ల మీద ఉంచాను. చలికాలంలో మా ఊళ్ళో మా అమ్మ ఆ దిక్కునే పెట్టేది. కిందటేడాది ఇక్కడ అదే చోట పెడితే ఒక్కటీ ఎండలేదు, అన్నీ బూజు పట్టాయి. ఈ దేశపు ఎండకి సత్తువ లేదని అప్పుడు తీర్మానించుకున్నాను. ఈసారి భోజనాలవేళ వెళ్ళి చూస్తే సందులో బల్లే లేదు.

"ఏవండీ, నా బల్లేదండీ?"

"ఇటు తెచ్చుకున్నాను, టీ గ్లాసు పెట్టుకోడానికి. నీ పళ్ళెం కూడా దాని మీదే ఉందిలే, పారెయ్యలేదు," అని ఇంటికి అవతలివైపునుంచి వినిపించింది.

వెళ్ళాను. ఉత్తరం వైపు గోడవారగా కుర్చీ, కుర్చీలో మా ఆయన, పక్కన బల్ల, బల్ల మీద పళ్ళెం. వడియం ఒకటి ముట్టుకున్నాను. పైన గలగలమంటూ ఎండి, పళ్ళేన్ని వదిలేసి చేతిలోకి వచ్చింది.

"ఇక్కడెందుకు కూర్చున్నారు?"

"ఎండ ఇటే కదా వస్తుంది. మార్చినుంచీ ఇక్కడే కూర్చుంటున్నాను."

పని లేని మనిషికి ఎండ ఎక్కడుందో బాగా తెలుస్తుంది. నేను నా నీడ చూసుకున్నాను. మధ్యాహ్నం వేళ, చలికాలం, నా నీడ దక్షిణానికి పడుకుని ఉంది. భీమవరంలో ఇదే వేళకి స్కూలు మైదానంలో అది ఉత్తరానికి పడేది. భూమధ్యరేఖకి కింద ఉన్న దేశానికి సూర్యుడు ఉత్తరాన్నుంచి కాక ఇంకెక్కణ్ణించి వస్తాడు? ఆస్ట్రేలియాలో క్రిస్మస్ ఎండాకాలంలో వస్తుందని బోర్డు మీద రాసి కింద గీత కూడా గీసేదాన్ని. ఆ గీత నా తల మీదకి వచ్చేసరికి మర్చిపోయాను. మా వంటిల్లు దక్షిణం వైపు గది, రెండేళ్ళుగా అందులో పట్టపగలు లైటేసుకుని వండుతూ కూడా ఎందుకని ఒక్కసారి అడుక్కోలేదు. గ్లెనిస్ కూడా చెప్పలేదు. ఆవిడకి తోచదు, ఆవిడ పుట్టినప్పటినుంచీ సూర్యుడు ఉత్తరానే ఉన్నాడు.

నేను గట్టిగా నవ్వడం మొదలుపెట్టాను. మా ఆయన కంగారుపడి పుస్తకం మూసేశారు.

అప్పుడే ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆబిదా లైను కలిపింది. "ట్రెవర్, తప్పు నాదే. ఎందుకు జరిగిందో ఇప్పుడు తెలిసింది. రేపు మీ ఫొటోగ్రాఫర్ వచ్చేలోపు ఇవాళ ఒక్కసారి తాళాలివ్వండి. బాగా రాకపోతే మళ్ళీ మీ గడప తొక్కను," అన్నాను.  మిసెస్ పామర్ ఇంట్లోనే ఉంటుంది, తాళాలెందుకు, వెళ్ళి తలుపు కొట్టుకో అన్నాడు.

మా ఆయన్ని కూడా బయలుదేరదీశాను. మిసెస్ పామర్ తలుపు తీసింది. లోపల చిమ్మచీకటి. వెనకవైపున్న వంటింటికీ హాలుకీ పెద్ద పెద్ద కిటికీలున్నాయి, అన్నిటికీ తెరలు దించేసి ఉన్నాయి. ఎందుకండీ అంటే కార్పెట్ వెలిసిపోతుందని చెప్పింది. వెనకంతా ఉత్తరం. ఇంట్లోకి వచ్చే ఎండ మొత్తాన్ని ఆవిడ కార్పెట్ కోసం ఆపేసి కూర్చుంది. జనం వచ్చిన శనివారాల్లో కూడా తెరలు ఎత్తలేదట.

"ఒక్క గంట ఎత్తనివ్వండి. కార్పెట్‌కి ఏమైనా అయితే నన్ను అడగండి," అని బతిమాలాను. ఆవిడ అయిష్టంగానే తాడు లాగింది. ఎండ వంటింటి బల్ల మీదుగా హాలు మధ్యదాకా పరుచుకుంది. పెరట్లో ఉన్న నిమ్మచెట్టు నీడ గోడమీద కదిలింది. నేను వెలుగుకి వీపు పెట్టి కొన్ని, వెలుగు పక్కనుంచి వచ్చేలా కొన్ని తీశాను. పెరట్లో నిలబడి, ఎండలో వెలుగుతున్న ఇంటి వెనకవైపంతా తీశాను. ఈసారి తెర మీద కనిపించిన ప్రతి బొమ్మా నేను ముందుగా అనుకున్నట్టే వచ్చింది. ఆ ధీమా ఎలా ఉంటుందో చాలాకాలంగా మర్చిపోయాను.

ఇక మిగిలింది ముందువైపు. దానికి ఈ కాలంలో రోజు మొత్తంలో ఎండ పడదు, పొద్దున పన్నెండు అనే భేదమే లేదు. లేని ఎండని ఎక్కణ్ణించి తెస్తాను? గేటు దగ్గర నిలబడి ఆలోచిస్తుంటే పొద్దు వాలడం మొదలైంది. ఆ వేళకి నా చెయ్యి దానంతటదే స్విచ్చు కోసం వెతుక్కుంటుంది. అది దీపాలు పెట్టే వేళ. అసురసంధ్యలో ఇల్లు చీకటిగా ఉంచకూడదని, వీధి తలుపు తీసి, ఇంట్లో లైట్లన్నీ వెయ్యడం చిన్నప్పటినుంచీ అలవాటు. సిడ్నీలో కూడా ఒక్కరోజు మానలేదు, కరెంటు బిల్లు చూసి మా ఆయన ఎన్ని సణుగుళ్ళు సణిగినా సరే.

"ఏవండీ, ఇంట్లో ఎన్ని లైట్లున్నాయో అన్నీ వెయ్యండి. పడగ్గదిలో టేబుల్ లైటు కిటికీ దగ్గరికి జరపండి. వీధి తలుపు బార్లా తెరవండి."

"చలి విద్యా, ముసలావిడ గడ్డకట్టిపోద్ది."

"ఆవిడకి నా శాలువా కప్పండి."

చెత్తడబ్బా ఈడ్చుకొచ్చి, మూత మీద తువ్వాలు మడతపెట్టి, దాని మీద కెమెరా నిలిపాను. గ్లెనిస్ ఒకసారి చెప్పింది, సాయంత్రం ఆకాశం వెలుగూ దీపం వెలుగూ సమానంగా తూగే వేళ ఒకటుందనీ, అది కన్నుమూసి తెరిచేలోపు పోతుందనీ. ఆగాను. ఆకాశం తెల్లగా ఉన్నంతసేపూ ఆగాను. అది నీలంగా మారి, ఇంకాస్త చిక్కబడి, గుమ్మంలోంచి వచ్చే పసుపు వెలుగు మెట్ల మీదుగా దారి మీద పడి గేటుదాకా వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఫ్లాపీ నిండితే మార్చి మళ్ళీ నొక్కాను. తరవాత చిన్న తెర మీద చూసుకున్నాను. అది గుహ కాదు. ఎవరో లోపలుండి, మన కోసమే తలుపు తీసి పెట్టిన ఇల్లు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వచ్చిందని నాకు తెలిసిపోయింది, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫ్లాపీలు మర్నాడు పొద్దున్నే ఆబిదా చేతిలో పెట్టాను. మధ్యాహ్నానికి ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, పేపర్ ఫొటోగ్రాఫర్ని క్యాన్సిల్ చేసేశాడు. నీ ఫొటోలు వెబ్‌సైట్‌లో పెట్టేశాం, ఆఫీస్ విండోలో పెద్దది ప్రింట్ తీసి అతికించాం. ఫోన్లు ఆగటం లేదు. నాకు లంచ్ కూడా లేదు. హ్యాపీనా?"

శనివారం మేమూ వెళ్ళాం. ఆ వీధిలో కారు పెట్టుకోడానికి చోటు లేదు. జనం గేటు దాటి లోపలికి వెళ్తున్నారు, వెనకవైపు ఎండలో నిమ్మచెట్టు కింద నిలబడి మాట్లాడుకుంటున్నారు. తెరలన్నీ ఎత్తే ఉన్నాయి. మన తెలుగువాళ్ళ జంట ఒకటి గేటు దగ్గర కంపాస్ తీసి, చూసుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, కంపాస్ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అది చూసి ఆబిదా నా భుజం గిల్లింది.

మిసెస్ పామర్ నా శాలువా ఇంకా కప్పుకునే ఉంది. చేతిలో నా ఫొటో ఒక ప్రింటు. "పెళ్ళయి వచ్చినప్పటినుంచీ ఈ ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రం పూట నేనెప్పుడూ లోపలే వంట చేసుకుంటూ ఉంటాను కదా. పని నుంచి వచ్చేటప్పుడు మా ఆయనకి మా ఇల్లు ఎలా కనిపించేదో ఇప్పుడే చూశాను," అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. 

ఆ రోజే ఇద్దరు పోటీపడ్డారు, ఇల్లు అమ్ముడుపోయింది. జనమంతా వెళ్ళాక ట్రెవర్ టై ఇంకాస్త వదులు చేసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. సోమవారం తొమ్మిదింటికి ఆఫీసుకి వచ్చెయ్యి, నీ కోసం ఇళ్ళు వరుసలో ఉన్నాయి అన్నాడు. మా ఆయన నాకంటే ముందే తలూపేశారు.

"ఒక్కటి చెప్పు," అన్నాడు ట్రెవర్. "మొదటిసారి అలా తీశావు, రెండోసారి ఇలా తీశావు. మధ్యలో ఒక్క వారం కూడా లేదు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?"

నేను నవ్వు ఆపుకోలేదు.

"ఇక్కడే ట్రెవర్, గిరావీన్‌లోనే. మా ఇంటి పక్కన వడియాలు ఎండబెట్టుకుంటూ నేర్చుకున్నాను. దీన్ని మించిన లోకల్ ఎక్స్‌పీరియన్స్ కావాలంటే మాత్రం నా దగ్గర లేదు."